తుమ్మలపల్లె రాయిని కుప్ప పోసి యాసిడ్ చల్లితే యురేనియం రాదా?

మీ ప్రశ్న నాకర్థమైనంతలో ఇదీ. మీరు తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నారు, ఫీల్డ్‌వర్క్‌కి వేంపల్లె వైపు వెళ్లొచ్చారు. కడప జిల్లా తుమ్మలపల్లె గని ఓర్‌లో (ముడిరాయిలో) యురేనియం ఆక్సైడు 0.04 శాతం చిల్లరే కదా, ఇంత నాసి సరుకుకి అంత పెద్ద మిల్లూ ఆటోక్లేవులూ (ఒత్తిడి కింద ఉడికించే మూసిన పాత్రలు) ఎందుకు, నమీబియాలో, నైజర్‌లో చేసినట్టు హీప్ లీచింగ్ చేస్తే, అంటే రాయిని కుప్పగా పోసి పైన యాసిడ్ చల్లి కింద కారింది పట్టుకుంటే, చౌకగా తేలిపోదా అని అడిగారు. చివర్లో మన చిత్తూరు గ్రానైట్లలోనూ యురేనియం ఉందంటారు, దానికైనా ఈ పద్ధతి పనికొస్తుందా అని ఇంకో ముక్క తగిలించారు.

సూటిగా చెప్పేస్తాను. తుమ్మలపల్లె రాయికి హీప్ లీచింగ్ పనికిరాదు. చిత్తూరు గ్రానైటు దగ్గర అసలా ప్రశ్నే రాదు. అయితే మీరనుకుంటున్నట్టు ఇక్కడ అసలు సంగతి గ్రేడ్ (రాయిలో యురేనియం శాతం) కాదు. తుమ్మలపల్లె కంటే తక్కువ గ్రేడున్న రాయిని కుప్ప పోసి యురేనియం తీసి చూపించినవాళ్లున్నారు. రాయిలో యురేనియం ఎంతుంది అని తర్వాత అడగొచ్చు, దానితోపాటు ఇంకేముంది అని ముందు అడగాలి.

నా ఉద్యోగమంతా ఓర్ ప్రాసెసింగ్ ల్యాబుల్లో లీచింగ్ పనిమీదే, అంటే రాయిలోని లోహాన్ని ద్రావణంతో కరిగించి తీసే పనిమీదే గడిచింది. రాగి, బంగారం ఎక్కువ, యురేనియం కొంత. రిటైరయ్యాక తిరుపతిలోనే ఉంటున్నాను. ఇక్కడ రాసేది ఆ పనిలో తెలిసిందీ, అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమూ.

ముందు లెక్క చూద్దాం. టన్ను రాయిలో 0.04 శాతం అంటే 400 గ్రాముల యురేనియం ఆక్సైడు. అందులో లోహంగా దాదాపు 340 గ్రాములు. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిదిన్నర కిలోల పైచిలుకు ఏమిటి? వేంపల్లె ఫార్మేషన్‌లో (అక్కడి రాతి పొరల వరసలో) యురేనియం ఉన్నది ఫాస్ఫేటు కలిసిన డోలోస్టోన్‌లో, అంటే డోలోమైటు రాయిలో. డోలోమైటంటే కాల్షియం, మెగ్నీషియం కార్బొనేటు. 184 కిలోల డోలోమైటు 196 కిలోల సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని తాగేస్తుంది, ఇది ఇంటర్ కెమిస్ట్రీ లెక్కే. రాయిలో కార్బొనేటు 70 శాతం ఉందనుకోండి, టన్నుకి 750 కిలోల దాకా యాసిడ్ పోయాలి. 340 గ్రాముల కోసం ముప్పాతిక టన్ను యాసిడ్! ఏ ధరకి అమ్మినా ఈ లెక్క తేలదు.

మీరు ఫీల్డులో ఒకటి గమనించే ఉంటారు. సున్నపురాయి మీద చల్లని, పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. డోలోమైటు మీద వేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. చాకుతో గీకి, రాలిన పొడిమీద చుక్క వేస్తే అప్పుడు సన్నగా బుడగలు లేస్తాయి. ఇది చూసి కొందరు కుర్రవాళ్లు "డోలోమైటు నిదానంగానే కదా సార్ తినేది, ఈలోపు యురేనియం కరిగిపోదా" అని అడుగుతుంటారు. తెలివైన ప్రశ్నే. కానీ కుప్పలో పని గంటల్లో అయ్యేది కాదు, వారాలు, నెలలు పడుతుంది. అన్నాళ్లు నానబెడితే నిదానంగా తినేది కూడా మొత్తం తినేస్తుంది. పైగా రాతిచిప్పు అంచున ఉన్న కార్బొనేటు తీరాకే యాసిడ్ లోపలికి పోయేది. యురేనియం ఉన్నది లోపల.

సరే, ఎవరో యాసిడ్ ఊరికే ఇచ్చారనుకుందాం. అప్పుడూ కుదరదు. సల్ఫ్యూరిక్ యాసిడ్, కాల్షియం కలిస్తే జిప్సం వస్తుంది. మెగ్నీషియం సల్ఫేటు నీళ్లలో కరిగి వెళ్లిపోతుంది గానీ జిప్సం రాయి సందుల్లోనే గట్టిపడుతుంది. కొంచెం కార్బొనేటు ఉన్న నమూనాలనే కాలమ్‌లో పెట్టి చూసినప్పుడు ఈ సంగతి కళ్లారా చూశాను. కాలమ్ అంటే మనిషికంటే ఎత్తైన ప్లాస్టిక్ పైపు. అందులో రాతి చిప్పులు నింపి పైనుంచి చుక్కచుక్కగా యాసిడ్ వదులుతాం. మొదట్లో కింద కారే నీళ్లలో పీహెచ్ పేపరు ముంచితే రంగు దాదాపు మారదు, యాసిడ్ మొత్తం పైనే ఖర్చయిపోతోందన్నమాట. కొన్నాళ్లకి కారే ధార సన్నబడుతుంది, తర్వాత పైన నీళ్లు నిలబడిపోతాయి. కాలమ్ విప్పితే చిప్పులన్నీ తెల్లటి పొరతో ఒకదానికొకటి అంటుకుని, సుత్తితో కొడితే గానీ ఊడిరావు. అది కొద్దిపాటి కార్బొనేటుకే. రాయి మొత్తం డోలోమైటైతే ఇక చెప్పేదేముంది.

"అయితే యాసిడ్ బదులు సోడా చల్లుదాం" అని మీరు అంటారని తెలుసు. అనాలి కూడా, ఎందుకంటే తుమ్మలపల్లె మిల్లు నడిచేది సోడా మీదే. సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణం డోలోమైటు జోలికి పోకుండా యురేనియాన్ని మాత్రం కార్బొనేటు సంకీర్ణంగా కరిగిస్తుంది. అలాంటప్పుడు అదే ద్రావణాన్ని కుప్పమీద చల్లితే ఏమవుతుంది?

దీనికి నమీబియాలోని ట్రెక్కోప్యే గనినే చూద్దాం. అక్కడ అరేవా కంపెనీ సోడా ద్రావణంతో హీప్ లీచింగ్ చేసి చూపించింది. దాని గ్రేడ్ తుమ్మలపల్లె కంటే బాగా తక్కువ. అయినా పనిచేసింది. ఎందుకంటే అక్కడి ఖనిజం కార్నోటైటు. ఎడారి నేలలో, పైపైన, కాల్‌క్రీటు (సున్నంతో గట్టిపడిన నేలపొర) సందుల్లో పట్టుకున్న పసుపు పొర. అందులో యురేనియం అప్పటికే ఆక్సీకరణం చెంది ఆరో వేలన్సీలో ఉంటుంది. సోడా నీళ్లు తగిలితే చాలు, కరుగుతుంది. నీళ్లు తగలడానికి సందులు కూడా ఉన్నాయి.

తుమ్మలపల్లెలో ఉన్నది పిచ్‌బ్లెండు అనే యురేనియం ఆక్సైడు ఖనిజం. చాలా సన్నటి రేణువులుగా, ఫాస్ఫేటు పట్టీల్లో, పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) పక్కన ఇరుక్కుని ఉంటుంది. యురేనియంలో ఎక్కువ భాగం నాలుగో వేలన్సీలో ఉంటుంది, దాన్ని ఆరుకి ఎక్కిస్తే గానీ కరగదు. యాసిడ్ కుప్పల్లో ఈ పని ఫెర్రిక్ ఇనుము (మూడో వేలన్సీ ఇనుము) చేస్తుంది. ఖర్చైన ఇనుమును మళ్లీ ఫెర్రిక్‌గా మార్చే బ్యాక్టీరియా కూడా అక్కడే బతుకుతుంది. సోడా నీళ్లలో ఇనుము కరగదు, యాసిడ్‌లో బతికే ఆ బ్యాక్టీరియా ఉండదు. మిగిలేది ఆక్సిజన్ ఒక్కటే, అది మామూలు వేడిలో నత్తనడక నడుస్తుంది. అందుకే రాయిని పిండిలా నూరి, 120 డిగ్రీలు దాటిన వేడిలో, ఆక్సిజన్ ఒత్తిడి కింద ఆటోక్లేవులో ఉడికించాల్సి వస్తోంది. మీకు ఆర్భాటంగా కనిపించిన ఆ మిల్లంతా ఈ ఒక్క ఇబ్బంది కోసం కట్టిందే. పైరైటు ఇంకో తలనొప్పి. అది ఆక్సీకరణం చెందినకొద్దీ సోడాని తిని సోడియం సల్ఫేటుగా మారుస్తుంది. మిల్లులో దాన్ని సంభాళించుకోవచ్చు, ఆరుబయట కుప్పలో చేతికి చిక్కదు.

ట్రెక్కోప్యే కథకి తోక కూడా చెప్పాలి. 2011లో ఫుకుషిమా తర్వాత యురేనియం ధర పడిపోయింది. 2012లో ఆ ప్రాజెక్టును పక్కన పెట్టేశారు. టెక్నాలజీ పనిచేయడం వేరు, గని నడవడం వేరు.

తవ్వే ఖర్చు సంగతి విద్యార్థులు తరచుగా మర్చిపోతారు. హీప్ లీచింగ్ బాగా కిట్టేది ఓపెన్ కాస్ట్ (పైనుంచి తవ్వుకుంటూ పోయే) గనుల్లో. మంచి ఓర్ అందాలంటే పైనున్న నాసిరాయిని ఎలాగూ ఎత్తిపోయాలి. ఎత్తిన రాయి ఊరికే పడి ఉండే బదులు దానిమీద యాసిడ్ చల్లితే వచ్చిందే లాభం. నైజర్‌లో ఆర్లిత్ దగ్గర సొమాయిర్ గనిలో నాసి ఇసుకరాయిని కుప్ప పోసింది ఈ లెక్కతోనే. తుమ్మలపల్లె భూగర్భ గని. సన్నటి పట్టీల వెంట లోపలికి వాలుగా డిక్లైన్లు అనే సొరంగాలు తవ్వి, బ్లాస్టింగ్ చేసి, గాలి అందించి, నీళ్లు తోడి ఒక్కో టన్నును పైకి తెస్తున్నారు. అంత ఖర్చుపెట్టి తెచ్చిన రాయిలోని యురేనియంలో సగమో, ముప్పావో తీసుకుని మిగతాది కుప్పలో వదిలేస్తామంటే ఏ గని మేనేజరూ ఒప్పుకోడు. జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో డోలోమైటు బెడద లేకపోయినా, యాసిడ్ లీచింగే అయినా, రాయిని నూరి ట్యాంకుల్లోనే లీచ్ చేయడానికి ఇదీ ఒక కారణం.

మీరు వీడియోల్లో చూశామన్న "విదేశాల్లో రాయి తవ్వకుండానే తీస్తున్నారు" అన్నది హీప్ లీచింగ్ కాదు. అది ఇన్-సీటూ లీచింగ్. బోర్లు వేసి, నేల కిందే ద్రావణం పంపి, పక్క బోరులోంచి తోడేది. కజక్‌స్తాన్ ఉత్పత్తి దాదాపు మొత్తం అదే. ఇప్పుడు ప్రపంచ ఉత్పత్తిలో సగానికి పైగా ఆ పద్ధతిలోనే వస్తోంది. దానికి నీరు పారే ఇసుకరాయి, పైనా కిందా బంకమట్టి పొరలు కావాలి. వేంపల్లె డోలోస్టోన్ అందుకు పూర్తిగా వ్యతిరేకం. రెండింటినీ కలిపేసి రాస్తే వైవాలో దొరికిపోతారు.

ఇప్పుడు నాకు ఇష్టమైన విషయం. రాయి రసాయనికంగా అనుకూలించినా కుప్ప ఎక్కడ దెబ్బతింటుందో చెబుతాను. కుప్పంటే ఊరికే పోసిన రాళ్ల గుట్ట కాదు. కింద చదును చేసిన బంకమట్టి, దానిమీద దళసరి ప్లాస్టిక్ షీటు, దానిమీద కంకర, నీరు పోయే చిల్లుల పైపులు. ఆపైన చిన్న చిప్పులుగా పగలగొట్టిన ఓర్. అన్నిటికంటే పైన డ్రిప్పు పైపులు. చిత్తూరు మామిడి తోటల్లో వేసే డ్రిప్పులాంటిదే, యాసిడ్‌కి తట్టుకునే రకం. కింద పట్టిన ద్రావణాన్ని రెజిన్ (యురేనియాన్ని పట్టుకునే ప్లాస్టిక్ పూసలు) మీదుగా పంపితే యురేనియం రెజిన్‌కి అంటుకుంటుంది, మిగిలిన ద్రావణాన్ని మళ్లీ కుప్పమీదికే తోడతారు.

ఇందులో అసలు శత్రువు సన్నటి పొడి. మైకా, క్లోరైటు, బంకమట్టి ఎక్కువున్న రాయిని పగలగొడితే బోలెడు పొడి రాలుతుంది. ద్రావణం ఆ పొడిని కిందికి తోసుకుపోయి ఒకచోట పేరుస్తుంది. ఆ తర్వాత మట్టి మిద్దె ఒక్కచోట కారడం మొదలైతే వాననీళ్లన్నీ అటే పోయినట్టు, ద్రావణం కూడా దొరికిన దారిలోనే పోతుంది. కుప్పలో సగం తడి, సగం పొడి. పైన చూస్తే అంతా నిక్షేపంగా తడిసినట్టే ఉంటుంది. ఒక షిస్టు (పొరలుగా విడిపోయే రాయి) నమూనా మాకు బీకర్ టెస్టులో తొంభై శాతం దాకా ఇచ్చింది, అందరూ సంబరపడ్డారు. అదే రాయిని చిప్పులుగా కాలమ్‌లో పెడితే సగం కూడా రాలేదు. విప్పి చూస్తే మధ్యలో పొడిపొడిగా, యాసిడ్ తగలని చిప్పులు చేతికొచ్చాయి. అందుకే బీకర్‌లో వచ్చిన రికవరీని కుప్ప లెక్కలోకి తెచ్చి రాయకండి. చిన్నచిన్న రేణువులను యాసిడ్‌తో కలిపి ఉండలు కట్టించి పోయడం దీనికి ఒక మందు, కానీ అన్ని రాళ్లూ ఉండ కట్టవు.

వాన సంగతి వేరే చెప్పాలి. రాయలసీమ ఎండ ప్రాంతం కదా, కుప్పకి అనువే అనుకుంటారు. ఏడాది సగటు వాన చూస్తే నిజమే. కానీ మన వాన సగటులో పడదు, తుపానులో పడుతుంది. 2021 నవంబర్ గుర్తుందా? తిరుపతి వీధులు ఏరులయ్యాయి, 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. అలాంటి రాత్రి ఆరుబయట ఎకరాలకొద్దీ పరిచిన యాసిడ్ కుప్పమీద పడే నీళ్లన్నీ కింది చెరువుల్లోకే చేరతాయి. ఆ చెరువులు పొంగితే పోయేది మామూలు నీరు కాదు. ఇక్కడ కుప్ప వేయాలంటే సగటు వానని పక్కనపెట్టి, అలాంటి ఒక్క రాత్రికి సరిపడా ఖాళీ చెరువు కట్టి ఏడాదంతా ఖాళీగా ఉంచాలి. ఆ ఖర్చు వేసుకున్నాక చాలా "చౌక" ప్రాజెక్టులు చౌకగా మిగలవు.

పని అయిపోయాక మిగిలే కుప్ప కూడా మీ లెక్కలో ఉండాలి. యురేనియం తీసేశాం కదా, రేడియోధార్మికత పోయిందనుకుంటారు. పోదు. ఓర్‌లో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం రాయిలోనే ఉండిపోతుంది. కారణం యురేనియం పిల్లలు, అంటే అది క్షీణిస్తూ పుట్టించే మూలకాలు. రేడియం-226 అర్ధాయువు 1600 ఏళ్లు, దాని తల్లి థోరియం-230ది 75 వేల ఏళ్లు. వాటినుంచి రాడాన్ వాయువు వస్తూనే ఉంటుంది. ఇది మిల్లు టెయిలింగ్స్‌కీ (యురేనియం తీశాక మిగిలే బురదకీ) వర్తిస్తుంది. తుమ్మలపల్లె టెయిలింగ్ పాండ్ పక్క ఊళ్లవాళ్లు బోరునీళ్ల గురించి ఏళ్లుగా మొరపెట్టుకుంటున్న విషయం మీరు ఫీల్డులో వినే ఉంటారు. కుప్పలో ఒక సుఖం, బురద ఉండదు. ఒక కష్టం, యాసిడ్ ఆపేసినా పైరైటుంటే కుప్ప తనంతట తాను యాసిడ్ పుట్టించుకుంటూనే ఉంటుంది. తూర్పు జర్మనీలో రోన్నెబుర్గ్ దగ్గర నాసి ఓర్‌ని లీచ్ చేసిన గెసెన్‌హాల్డె అనే గుట్టను, గనులు మూతపడ్డాక మొత్తం తవ్వి తరలించాల్సి వచ్చింది.

ఇక చిత్తూరు. గ్రానైటులో యురేనియం ఉంది, నిజమే. మామూలు గ్రానైటులో టన్నుకి నాలుగైదు గ్రాములు. తుమ్మలపల్లెలో దానికి డెబ్బై, ఎనభై రెట్లు. ఉండటం వేరు, ఓర్ కావడం వేరు. తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు కలిసే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ (చాలా కాలం తేడాతో ఏర్పడిన రెండు రాళ్ల మధ్య హద్దు) మీ క్లాసంతా చూసే ఉంటారు. కడప బేసిన్ ఉత్తర భాగంలో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం అలాంటి అన్‌కన్ఫార్మిటీని ఆనుకునే దొరికింది కాబట్టి ఇక్కడా ఉంటుందని లంకె పెడుతుంటారు. హద్దు ఉన్నంతమాత్రాన సరుకు ఉండాలని లేదు. కుప్పం వైపు చిగురుకుంట, బిసానత్తం బంగారు గనుల గురించి కూడా ఎవరో కింద కామెంట్లలో అడిగారు. బంగారానికి వాడేది క్షార ద్రావణంలో సైనైడు. కార్బొనేటు ఉన్నా దానికి పట్టదు. పద్ధతి పేరు ఒకటే అయినా రాయికి పెట్టే పరీక్ష వేరు.

గ్రానైటు విషయంలో మీరు నిజంగా పట్టించుకోవాల్సింది బోరునీళ్లు. మన వైపు లోతు బోర్లలో బైకార్బొనేటు ఎక్కువ. ఆక్సిజన్ కాస్త తగిలితే, తుమ్మలపల్లె ఆటోక్లేవులో జరిగే రసాయన చర్యే నేల కింద వేడీ ఒత్తిడీ లేకుండా, వేల ఏళ్ల తీరికతో జరుగుతుంది. టన్నుకి నాలుగు గ్రాములు గని పెట్టడానికి చాలవు గానీ, నీళ్లలో లీటరుకి కొన్ని పదుల మైక్రోగ్రాములు చేరడానికి చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన మార్గదర్శక పరిమితి లీటరుకి 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలిది 60. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌ఓ తీసేస్తుంది. ఇంటి బోరు లోతుదైతే ఒకసారి టెస్టు చేయించుకోండి.

మీ డిసర్టేషన్‌కి హీప్ లీచింగే తీసుకోవాలని ఉంటే, తుమ్మలపల్లె రాయిని "ఎందుకు కుదరదు" అన్న కోణంలో తీసుకోండి, అది మంచి పేపరే అవుతుంది. థిన్ సెక్షన్లో (మైక్రోస్కోపు కింద చూసే పలచని రాతి ముక్కలో) యురేనియం ఖనిజం ఏ రేణువు పక్కన, ఎంత సైజులో ఉందో చూడండి. కార్బొనేటు, పైరైటు శాతాలు కొలిపించండి. చిప్పుకి బయటి సందులు ఎన్ని ఉన్నాయో రాయండి. యురేనియం ఉన్న నమూనాల మీద సొంతంగా లీచింగ్ మాత్రం మొదలుపెట్టకండి, చట్టం ఒప్పుకోదు. మీ గైడు ద్వారా హైదరాబాద్ అణు ఖనిజాల డైరెక్టరేట్‌కి రాయండి. యాసిడ్ ఎంత తాగుతుందో చూడాలంటే యురేనియం లేని మామూలు వేంపల్లె డోలోస్టోన్ చాలు. దాన్ని పొడిగా ఒకసారి, చిప్పులుగా ఒకసారి పెట్టి, రోజూ పీహెచ్ రాసుకోండి. రెండు గ్రాఫులూ పక్కపక్కన వేసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.